ఇది ఎవరిదండీ?

జూన్ 4

రైలు స్టేషన్లో మరిచిపోయిన సామాన్ల కౌంటర్ అనే మహా సామ్రాజ్యాన్ని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే స్టూలు మీద కూర్చుని పాలిస్తున్న బాబాయ్ గారి సమక్షానికి,

నేను క్షేమం. నా కుక్క క్షేమం. నువ్వూ పిన్నీ కూడా క్షేమమే అయ్యుండాలి, లేకపోతే ఈపాటికి నాన్న నాకు కబురు పెట్టేవాడు.

శిక్షణ కేంద్రానికి చేరి నాలుగు రోజులైంది. గేటు దగ్గరే ఫోన్ లాగేసుకున్నారు. ఆరు నెలల తర్వాత ఇస్తారట. బాంబులు వెతికేవాళ్ళు ఏం నేర్చుకుంటున్నారో బయటికి పొక్కకూడదు కదా! కాబట్టి మనకి ఉత్తరాలే గతి. అవి కూడా, పోయేవీ వచ్చేవీ, అన్నీ ఒక మేడమ్ విప్పి చదువుతుంది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిల్ ఉంటుంది గనక మేం ఎర్ర పెన్సిల్ మేడమ్ అంటాం. (మేడమ్, చదువుతున్నారుగా, నమస్తే. చాలా గౌరవంతో పెట్టుకున్న పేరండీ.)

నాకు అప్పగించిన కుక్కకి రికార్డుల్లో ఏదో నంబరుంది. మేం మాత్రం జడ్జిగారు అంటాం. ఎవరొచ్చినా లేవరు. పిలిస్తే పలకరు. బిస్కెట్ చూపిస్తే ఇరుపక్షాల వాదనా వింటున్నట్టు తల ఓ పక్కకి వంచుతారు. సంచుల చుట్టూ తిరిగి, మందుగుండు వాసన తగిలితే మొరగరు, గోల చెయ్యరు, నిశ్శబ్దంగా కూర్చుంటారు. ఆయన కూర్చున్నారంటే తీర్పు వచ్చేసినట్టే, అందరూ ఖాళీ చెయ్యాలి. చిక్కల్లా ఆయనకి ఎనిమిదేళ్ళు నిండాయి, మోకాళ్ళ నొప్పి. ఒక్కోసారి ఉత్తినే కూర్చుంటారు. నిన్న మా శిక్షకుడి భోజనం డబ్బా పక్కన కూర్చున్నారు. ఇరవై నిమిషాలు మేమంతా మైదానంలో బోర్లా పడుకున్నాం. డబ్బాలో రెండు ఉడకబెట్టిన గుడ్లు దొరికాయి. అవి పేలలేదు.

తత్వశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని కుక్క గొలుసు పట్టుకోవడమేమిటని పిన్ని అడిగిందట. యూనిఫాం బాగుంటుందని చెప్పు. ప్రస్తుతానికి అదే కారణం.

జడ్జిగారి కోర్టులో బంట్రోతు,
నీ పిడుగు


జూన్ 10

పిడుగుకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న పదకొండున్నరకి అందింది. కవరు విప్పి మళ్ళీ అంటించారు. అంటించడం బాగాలేదు. జిగురు అంచులకి రాయాలని, మధ్యలో పులమకూడదని మీ మేడమ్ గారికి చెప్పు.

ఈ వారం వచ్చినవి: గొడుగులు ఆరు, చేతికర్ర ఒకటి, పసిపిల్ల కుడికాలి మేజోడు ఒకటి, కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి. పళ్ళాయన మధ్యాహ్నం వచ్చి, చేత్తో నోరు మూసుకుని, వేలితో చూపించాడు. నేను గుర్తులు అడగలేదు. చేతికర్ర ముసలాయన మాత్రం కర్ర లేకుండానే రెండు స్టేషన్లు దాటి వెళ్ళి, గుర్తొచ్చి, నడిచి వచ్చాడు. "మరి ఇది లేకుండానే నడవగలరుగా" అన్నాను. "నువ్వు కూడా మా కోడల్లాగే మాట్లాడతావేం" అన్నాడు.

ఇక అసలు విషయం. పోయినేడు మన మార్కెట్ వీధిలో బాంబు పేలిన దగ్గర్నించి మా స్టేషన్‌కి సర్క్యులర్లు వస్తూనే ఉన్నాయి. చెత్తబుట్టలు తీసేశారు, చెత్త జేబుల్లో పెట్టుకు తిరుగుతున్నాం. సగం బెంచీలు తీసేశారు, జనం మెట్ల మీద కూర్చుంటున్నారు. వాటన్నిటికీ సరే అన్నాను. మొన్న పద్నాలుగోది వచ్చింది. సెప్టెంబరు ఒకటి నుంచి, ఒంటరిగా కనిపించిన వస్తువుని ఎవరూ ముట్టుకోకూడదు. పది నిమిషాలు చూసి, మీ దళం వాళ్ళు ఇసక గుంటలోకి తీసుకుపోయి పేల్చేస్తారు. అంటే నా దగ్గరికి రావడానికి వస్తువంటూ మిగలదు. కౌంటర్ మూసేసి నన్ను రికార్డు రూముకి వేస్తారట.

పిడుగూ, నువ్విప్పుడు ఆ శాఖ మనిషివి. కౌంటర్ వల్ల ప్రమాదమేమీ లేదని నాలుగు ముక్కలు రాసి పంపు. మా మేనేజరుకి చూపిస్తాను. నీ మాటంటే విలువుంటుంది. నా మాటంటే "ఆయనకి రిటైరయ్యేదాకా స్టూలు కావాలి" అంటున్నారు.

నువ్వు సరిగ్గా తింటున్నావా, కుక్కకి పెడుతున్నావా అని పిన్ని అడుగుతోంది.

మీ బాబాయ్


జూన్ 17

త్వరలో మాజీ కాబోతున్న సామ్రాట్టు గారికి,

బాబాయ్, మూసెయ్యనీ.

నిజంగానే అంటున్నాను. రికార్డు రూములో ఫ్యాను ఉంటుంది. స్టూలుకి బదులు వీపున్న కుర్చీ ఉంటుంది. కాగితాలు మరిచిపోవు, ఏడవవు, కోడళ్ళ మీద చాడీలు చెప్పవు.

మొన్న మాకు చూపించడానికి, ఏదో స్టేషన్లో ఎవరూ అడగని సూట్‌కేసు ఒకటి తెచ్చి పేల్చారు. ఢామ్మని శబ్దం. తర్వాత గాల్లోంచి చొక్కాలు ఒక్కొక్కటే, తమకేం తొందర లేనట్టు దిగాయి. గళ్ళ చొక్కా ఒకటి సరిగ్గా వచ్చి జడ్జిగారి నెత్తిన పడింది. ఆయన కదల్లేదు. గళ్ళ చొక్కా లోంచే విచారణ కొనసాగించారు. మేం నవ్వి నవ్వి చచ్చాం. ఆ సూట్‌కేసు మనిషి ఈపాటికి కొత్తది కొనుక్కుని ఉంటాడులే. మరిచిపోయినందుకు ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

నువ్వడిగిన నాలుగు ముక్కలు నేను రాయలేను. అడక్కు.

పిన్నికి చెప్పు, ఇద్దరం తింటున్నాం. నాకంటే ఆయనే ఎక్కువ.

నీ పిడుగు


జూన్ 23

శిక్షణలో ఉన్న ఉద్యోగిని గారికి,

తమరి అభిప్రాయం అందినది.

చొక్కాల గురించి రాశారు. పోయిన సంవత్సరం నా దగ్గరికి ఇలాంటి సూట్‌కేసే ఒకటి వచ్చింది. మొదటి ఉద్యోగానికి వెళ్తున్న కుర్రాడిది. అందులో చొక్కాలు అయిదు. అయిదూ వాళ్ళమ్మ కుట్టినవి. వెతుక్కుంటూ వచ్చేసరికి అతని మొహం ఎలా ఉందో నేను చూశాను, మీరు చూడలేదు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. మీ పిన్ని చదివి, "మన పిల్ల ఇలా రాయదు. ఎవరో రాయించారు. ఉత్తరాలు విప్పి చదువుతారని అదే రాసిందిగా! పాపం, పక్కన తుపాకీ పెట్టుకుని కూర్చున్నారేమో" అంది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. నాలుగేళ్ళ వయసు నుంచి నా స్టూలు పక్కన కూర్చుని, గొడుగు పట్టుకు చూసి దాని యజమానికి బట్టతల ఉందో లేదో చెప్పిన పిల్లవి. కౌంటర్ మూసెయ్యనీ అంటావా?

కాబట్టి ఒక ఏర్పాటు. ఆ మాట నిజంగా నీదే అయితే, వచ్చే ఉత్తరంలో కుక్క ఊసు ఎత్తకు. నీ చేత రాయించి ఉంటే, కుక్క గురించి ఒక్క ముక్క రాయి. నాకు అర్థమైపోతుంది. మిగతాది నేను చూసుకుంటాను.

ఈ కవరు పిన్ని రెండుసార్లు జిగురు రాసి అంటించింది. ఎవరూ విప్పలేరు.

బాబాయ్


జూలై 1

బాబాయ్‌కి,

జడ్జిగారు నిన్న మందు మింగలేదు. నీ దగ్గర్నించి రెండు వారాలుగా ఉత్తరం లేదు. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధగా ఉందో తేల్చుకోలేక రెండూ కలిపి రాస్తున్నాను.

కోపమొచ్చిందా? వస్తే తిట్టు. నీకు తిట్టడం రాదు. పిన్ని చేత చెప్పించుకుని రాయి.

ఆయన మోకాళ్ళకి పశువుల డాక్టరు మాత్రలిచ్చాడు. బ్రెడ్డులో పెడితే బ్రెడ్డు తిని మాత్ర నా బూటు మీద పెట్టారు. మాంసంలో పెట్టినా అదే బూటు. చివరికి నేను మింగుతున్నట్టు నటించాల్సి వచ్చింది. నటనలో నిజంగానే మింగేశాను. ఇప్పుడు నా మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి.

పరీక్షలో మాత్రం ఆయన ముందు అందరూ దిగదుడుపే. నలభై సంచుల్లో మందుగుండున్న సంచి దగ్గర మాత్రమే కూర్చున్నారు. మిగతా ముప్పై తొమ్మిదీ ఒక్కొక్కటే వాసన చూసి వదిలేశారు.

కౌంటర్ గురించి నేను రాసింది మార్చుకోను. అలా అని నా మీద అలగకు. జడ్జిగారు నీకు తోక ఊపుతున్నారు. అంటే ఈగని తోలుకుంటున్నారు, కానీ నీ వైపు తిరిగే.

నీ పిడుగు


జూలై 6

బంగారు తల్లికి,

అర్థమైంది. ఇంక భయపడకు.

మొదటి వాక్యం కుక్క. చివరి వాక్యం కుక్క. మధ్యలో అంతా కుక్కే. ఒక్క ముక్క రాస్తే చాలన్నాను, నువ్వు ఉత్తరమంతా నింపావంటే అక్కడ ఎంత ఒత్తిడి పెడుతున్నారో తెలుస్తూనే ఉంది. మాత్రలు కూడా మింగిస్తున్నారట. అది చదివి పిన్ని రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మీ డైరెక్టర్ గారికి ఈ రోజే రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాను. "సామాన్ల కౌంటర్ల విషయంలో శిక్షణార్థుల మనసులు విరచడం, వారిచేత జంతువుల మందులు మింగించడం తక్షణం ఆపవలెను" అని. మూడు పేజీలు. నకలు నా దగ్గరుంది.

ధైర్యంగా ఉండు.

బాబాయ్


జూలై 15

బాబాయ్,

నువ్వు జూన్ ఇరవై మూడున రాసిన ఉత్తరం నాకు ఈ నెల పదకొండున అందింది. చేతికి కాదు, డైరెక్టర్ గారి బల్ల మీద.

జరిగిందేమిటంటే, పిన్ని రెండుసార్లు జిగురు రాసేసరికి ఎర్ర పెన్సిల్ మేడమ్‌కి అనుమానమొచ్చింది. కవరుని ఆవిరి పట్టి విప్పింది. లోపల సంకేత భాష! "కుక్క అంటే ఇది, కుక్క లేకపోతే అది." రహస్య సంకేతాన్ని, అది ఎవరికి తెలియకూడదో వాళ్ళ చేతిమీదుగానే పంపిన మనిషి ప్రపంచంలో నువ్వొక్కడివే. ఆ ఉత్తరం ఆపేసి, నేనేం జవాబు రాస్తానో చూద్దామని కాచుకున్నారు. నేను జవాబులో ఏం రాశానో నీకు తెలుసు.

బల్ల మీద ఒక పక్క నా ఉత్తరం, కుక్క అన్న ప్రతిచోటా ఎర్ర గీత. ఇంకో పక్క నీ ఫిర్యాదు, మూడు పేజీలు. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి, "ఈ బాబాయ్ అనేది ఏ సంస్థ?" అన్నారు. నిలబడి గంటసేపు చెప్పాను. సామ్రాజ్యం, స్టూలు, పళ్ళ సెట్టు, పిన్ని జిగురు. చివర్లో మేడమ్ ముక్కు చీదుకుంది. నవ్వుకో ఏడుపుకో తెలీదు. నన్నయితే ఉంచారు. నా నవ్వు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. ఎందుకంటే డైరెక్టర్ గారు ఇంకో ప్రశ్న అడిగారు. "అసలు మీ బాబాయ్ అడిగింది రాయనని ఎందుకన్నావు?" ఆయనకి చెప్పిన జవాబు నీకు చెప్పకపోతే బాగుండదు.

ఆ రోజు నేను మార్కెట్ వీధిలో ఉన్నాను. కాలేజీ నుంచి వస్తున్నాను. చెప్పుల షాపు మెట్ల దగ్గర బూడిదరంగు సంచి ఒకటి, ఒంటరిగా. చూశాను బాబాయ్. చూసి నవ్వుకున్నాను. ఎవరో మతిమరుపు మనిషి, పావుగంటలో పరుగెత్తుకొస్తాడు అనుకున్నాను. దాని పట్టీ దారికి అడ్డంగా ఉంటే, ఎవరి కాళ్ళకి తగులుతుందోనని పక్కకి జరిపాను కూడా. పక్క సందులోకి వెళ్ళి జిరాక్సు తీయించుకుంటుంటే శబ్దం వచ్చింది. పదకొండు మందికి దెబ్బలు. తాళాలు బాగుచేసే ఆయన పోయాడు.

పోలీసులకి చెప్పాను. రాసుకున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయినవాళ్ళు వస్తారని నాకు నేర్పింది నువ్వు, అందుకని నీకు అసలే చెప్పలేకపోయాను. యూనిఫాం బాగుందని చేరలేదు ఇందులో.

అందుకే మూసెయ్యనీ అన్నాను. చొక్కాలు చూసి నవ్వానన్నది నిజమే. లోపల ఏం లేదని తెలిసి వచ్చిన నవ్వది.

పిడుగు


జూలై 21

తల్లీ,

ఉత్తరం అందింది. రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగి వచ్చి రాస్తున్నాను. ఆ పట్టీ జరిపిన చెయ్యి గురించే ఆలోచన. నువ్వు సందులోకి వెళ్ళినందుకు ఆ జిరాక్సు షాపుకి వెళ్ళి అనవసరంగా ఇరవై కాగితాలు తీయించుకొచ్చాను. షాపాయన "ఒకే కాగితం ఇరవైసార్లు ఎందుకండీ" అన్నాడు. అవసరముందన్నాను.

నీ తప్పు లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఉందని నేను రాయను. నా తప్పు గురించి రాస్తాను, అది నాకు బాగా తెలుసు.

నీకు సగమే నేర్పాను. నువ్వు స్టూలు పక్కన కూర్చునేసరికే వస్తువులు కౌంటర్ మీద ఉండేవి. వాటి వాళ్ళు రావడం చూశావు. అవి నా దాకా ఎలా వచ్చాయో చూడలేదు. ప్రతి గొడుగునీ, ప్రతి సంచినీ ఎవరో ఒక మనిషి చూసి, ఆగి, "ఇది ఎవరిదండీ?" అని నలుగురూ వినేట్టు అరిచి, ఎవరూ పలక్కపోతే అప్పుడు నాకు తెచ్చేవాడు. ఆ అరుపు లేనిదే నా కౌంటర్ లేదు. దాన్ని నీకు చెప్పాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఊపిరి పీల్చుకోమని ఎవరికి చెబుతాం?

ఇప్పుడు ఎవరూ అరవడం లేదు పిడుగూ. సంచి కనిపిస్తే మనుషులు దూరం జరుగుతారు, మాట్లాడరు. ఫోన్ తీసి ఫొటో తీస్తారు. మొన్న బెంచీ మీద ఒక సంచి ఏడు నిమిషాలు ఉంది. చుట్టూ నలభై మంది. సంచి గలావిడ నాలుగడుగుల దూరంలో అటు తిరిగి నిలబడి ఉంది. ఒక్కరూ అడగలేదు.

మా మేనేజరుకి రాస్తున్న కాగితంలో ఇదే పెట్టాను. పేల్చొద్దనడం లేదు. కుక్కని వద్దనడం లేదు. ముందు అడగండి అంటున్నాను. మూడుసార్లు, గట్టిగా. పలికితే ఇచ్చెయ్యండి. పలక్కపోతే ఎవరూ ముట్టుకోకుండా మీ వాళ్ళని పిలవండి. మీ జడ్జిగారు వచ్చి కాదంటే నా దగ్గరికి పంపండి. ఔనంటే ఇసక గుంటకి పంపండి.

ఈసారి నిన్ను సంతకం అడగను. పిన్ని జిగురు మానేసింది. కవరు తెరిచే పంపుతున్నాను, మేడమ్ గారికి శ్రమ లేకుండా.

నీ బాబాయ్


జూలై 30

బాబాయ్‌కి,

నీ ఉత్తరం నాకంటే ముందు మేడమ్ చదివింది కదా. చదివి నాకివ్వలేదు. సరాసరి డైరెక్టర్ గారి దగ్గరికి పట్టుకుపోయింది. అంచున ఎర్ర పెన్సిల్‌తో "చూడదగినది" అని రాసి మరీ. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో మంచి మాట రాయడం ఇదే మొదటిసారట. పెన్సిల్‌కే అలవాటు లేక ములుకు విరిగింది.

ఇప్పుడు విను. ఆగస్టు పన్నెండు నుంచి మూడు రోజులు మీ స్టేషన్లో నీ పద్ధతి నడిపి చూస్తారు. దళం తరఫున ఒక కుక్క, ఒక బంట్రోతు వస్తారు. ఆ బంట్రోతు ఎవరో ఊహించు.

నేను నీ కాగితం మీద సంతకం పెట్టానని అనుకోకు. నాకింకా అనుమానంగానే ఉంది. వచ్చి చూస్తాను. జడ్జిగారికి కూర్చోవడానికి చల్లటి చోటు చూపించు, కానీ దయచేసి ఏ సంచి పక్కనా చూపించకు.

పిడుగు


ఆగస్టు 24

పిడుగుకీ, జడ్జిగారికీ,

మీరు వెళ్ళాక పిన్ని రెండు రోజులు కుక్క వెంట్రుకలు ఊడుస్తూ, "పాపం ఎంత పద్ధతైన కుక్కో" అంటూనే ఉంది. నువ్వు వదిలేసిన తువ్వాలు గురించి మాత్రం అలా అనలేదు.

ఆ మూడు రోజులూ నువ్వు చూసినవే. పందొమ్మిది వస్తువులు. పదహారింటికి అరుపుకే మనుషులొచ్చారు. మిగతా మూడూ జడ్జిగారు కాదన్నాక నా కౌంటర్‌కి వచ్చాయి. చెవుడున్న పెద్దాయన టోపీకి ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకరి తర్వాత ఒకరు అరిచి, ఆఖరున ఎవరో భుజం తట్టి చూపించారు చూడు, అప్పుడు చూడటానికొచ్చిన మీ డైరెక్టర్ గారు కూడా అరిచారు. తర్వాత దగ్గారు, దగ్గొచ్చినట్టు. అయినా మా స్టేషన్ భద్రతాధికారి మాత్రం "ఈయనకి అన్నీ మరిచిపోయినవిగానే కనిపిస్తాయి. ఎప్పుడో ఒకటి కాకపోతే?" అన్నాడు. ఆ మాట విని నేను గొడుగులు లెక్కపెట్టుకున్నాను. నువ్వు జడ్జిగారి గొలుసు సర్దావు.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం మూడింటికి, మంచినీళ్ళ యంత్రం వెనక ఒక సంచి కనబడింది. "ఎవరిదండీ" నోటి దాకా వచ్చింది. ఆగిపోయింది. మరిచిపోయేవాడు పక్కన పెట్టుకుని మరిచిపోతాడు, బెంచీ మీదో, మెట్టు మీదో, మేకుకి తగిలించో. వంగి, చెయ్యి చాచి, గోడకీ యంత్రానికీ మధ్య దూర్చి మరిచిపోడు. ఇరవై ఎనిమిదేళ్ళలో అలాంటి చోటు నుంచి నా దగ్గరికి ఒక్క వస్తువూ రాలేదు. నేను అరవలేదు. అక్కడున్న వాళ్ళతో "నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద నీడగా ఉంది, అటు పదండి" అని నెమ్మదిగా నడిపించుకుపోయాను. పన్నెండు మంది. వెళ్ళి దళానికి ఫోన్ చేశాను. తర్వాత గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. నువ్వు ఏడాది నుంచి మోస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది తల్లీ.

అది ఊడ్చే ఆవిడ సంచి. ఇంటికెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు, చెప్పులు. పనివాళ్ళ అలమరాల గదికి భద్రత కోసమని తాళం వేశారు కదా, పాపం ఇంకెక్కడ పెట్టుకుంటుంది? దళం తెచ్చిన వేరే కుక్క చూసి వదిలేసింది, సంచి భద్రంగా ఆవిడకి చేరింది. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా చుట్టూ మాత్రం దుమ్ము వదిలేసి ఊడ్చింది. మూడో రోజు అలమరాల గది తాళం తీయించాను. అప్పుడు దుమ్ము కూడా పోయింది.

భద్రతాధికారి వచ్చి నా స్టూలు మీద కూర్చుని ఒక టీ తాగాడు. నిన్న ఆర్డరు వచ్చింది. కౌంటర్ ఉంటుంది. ముందు అడగాలి, పలక్కపోతే మీ వాళ్ళు. దాచినట్టుంటే అడగడం లేదు, నేరుగా ఫోను. పైగా గేటు సిబ్బందికి అరవడంలో శిక్షణ నేనే ఇవ్వాలట. అందరూ బాగా చదువుకున్నవాళ్ళు, గొంతు లేవడం లేదు. ఒకమ్మాయి సంచి చెవిలో చెప్పినట్టు అడుగుతోంది.

మీ బాబాయ్


సెప్టెంబరు 6

అరుపుల విద్యాలయ వ్యవస్థాపకులు, ప్రిన్సిపాల్, బాబాయ్ గారికి,

పోయిన వారం సెలవు మీద వచ్చి, మీ ఇంట్లో రెండు రోజులు తిని, నీ పక్కన కూర్చుని కూడా ఈ సంగతి చెప్పలేదు. ఎదురుగా ఉంటే నువ్వు మంచినీళ్ళకి లేచిపోతావు. ఉత్తరంలో అయితే నిన్ను కూర్చోబెట్టి చెప్పొచ్చు.

ఆదివారం పొద్దున పిన్నికి సూదులు తెస్తానని వెళ్ళి రెండు గంటలు రాలేదు కదా. మార్కెట్ వీధికి వెళ్ళాను. ఆ రోజు తర్వాత ఇదే వెళ్ళడం. యూనిఫాం లేదు, జడ్జిగారు లేరు. మెట్లు కొత్తగా కట్టారు. తాళాలాయన కూర్చునే చోట వాళ్ళబ్బాయి కూర్చున్నాడు, అవే తాళాలు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఏమనాలో తెలీక జేబులో ఉన్న నా పెట్టె తాళంచెవి ఇచ్చి, అలాంటిదే ఇంకోటి చేసిపెట్టమన్నాను. చేసిచ్చాడు. పడుతుంది కూడా.

తిరిగి చూస్తే చెప్పుల షాపు మెట్ల మీద పసుపుపచ్చ సంచి. ఒంటరిగా. మనుషులు పక్కనించి పోతున్నారు.

దాచినట్టు లేదు. మెట్టు మధ్యలో, అందరికీ కనబడేట్టు, నోరు తెరుచుకుని ఉంది. నువ్వు చెప్పినవన్నీ చూసుకున్నాను. అయినా మొదటిసారి గొణిగాను. ఆ మేజోడు పసిపిల్ల కూడా నాకంటే గట్టిగా అరిచేది. ఊపిరి తీసుకుని అరిచాను. "ఇది ఎవరిదండీ?"

ముందు రెండు తలలు తిరిగాయి. తర్వాత ఎవరో "ఏ సంచీ?" అన్నారు. తాళాల అబ్బాయి సుత్తి పక్కన పెట్టి, "పసుపుపచ్చ సంచీ ఎవరిదండోయ్" అని అందుకున్నాడు. పళ్ళబండి ఆయన అందుకున్నాడు. సంచి వీధి చివరికి చేరిపోయింది, అంటే సంచి కాదు, దాని కబురు. అంతలో షాపు లోపలి నుంచి ఒకావిడ, ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలు ఒట్టిది, కుంటుకుంటూ బయటికొచ్చింది.

"నాదే! కళ్ళ ముందే ఉన్నానుగా! ఒక జత వేసి చూసుకునేలోపు ఊరంతా చాటింపు వెయ్యాలా? ఏం పిల్లవమ్మా నువ్వు! ఇంట్లో కూడా ఇలాగే అరుస్తావా? మీ అమ్మ ఎలా భరిస్తోంది?"

ఇంకా చాలా అంది బాబాయ్. నా జుట్టు గురించి కూడా అంది. నేను సారీ చెప్పలేదు, ఎదురు చెప్పలేదు, మొహమంతా నవ్వేసుకుని నిలబడ్డాను. అది చూసి ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. చివరికి, "సరే, ఊరికే నవ్వుతూ నిలబడే బదులు ఇది పట్టుకో, రెండో చెప్పు కూడా చూసుకుని వస్తా" అని సంచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ముప్పావుగంట పట్టుకున్నాను. ఏ చెప్పూ నచ్చదు ఆవిడకి. సంచి బరువుగానే ఉంది. కింద పెట్టలేదు.

నీ పిడుగు